ముందు స్టేషను కట్టండి, బండి తరవాత వస్తుంది

మా అమ్మ పుట్టిల్లు టెక్కలి, మా ఇల్లు పర్లాకిమిడి. రెంటికీ మధ్య చిన్న బండి తిరిగేది. పండగైనా, పెళ్లైనా, ఎవరికైనా ఒంట్లో బాగోలేదని కబురొచ్చినా అమ్మ మమ్మల్ని వెంటేసుకుని ఆ బండే ఎక్కేది. లెక్క వేసి చూస్తే నేను ఆ బండిలో కూర్చున్న గంటల కంటే దాని కోసం స్టేషన్లో కూర్చున్న గంటలే ఎక్కువ. అరుగు మీద ఎవరో ఆరబోసిన చింతపండు, గోడకి ఆనించిన అడ్డాకుల కట్టలు, గంట కోసం వేలాడదీసిన పట్టా ముక్క, దాన్ని కొట్టే ఇనప కడ్డీ, మూత మీద గ్లాసు బోర్లించిన నీళ్ల కుండ. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. బండి మాత్రం అంత బాగా గుర్తు లేదు. వచ్చేది, ఎక్కేవాళ్లం, కదిలేది, అంతే.

అందుకే మోడల్ రైల్వే, అంటే అసలు రైలు లైనుని బల్ల మీద పట్టేంత చిన్నదిగా కట్టే సరదా, మొదలుపెడదామనుకుంటున్నానని ఎవరైనా వచ్చి "ఏ ఇంజిన్ కొనమంటారు?" అని అడిగితే, అసలు కొనొద్దని చెప్తాను. కనీసం ఆర్నెల్లు కొనొద్దు. ముందు ఒక గంట చెయ్యండి, ఒక సిగ్నల్ చెయ్యండి, ఒక పేరు బోర్డు రాయండి. రైళ్ల సరదాలో ముప్పాతిక భాగం ఎదురుచూపే. బండి రెండు నిమిషాలు ఆగుతుంది, దాని కోసం మనం రెండు గంటలు కూర్చుంటాం. ఆ రెండు గంటలూ మన కళ్ల ముందు ఏముంటుందో దాన్ని కట్టకుండా, రెండు నిమిషాల బండిని మాత్రం కొనుక్కొచ్చి బల్ల మీద గుండ్రంగా తిప్పితే మూడో రోజుకి మొహం మొత్తుతుంది. అలా మొత్తి అటకెక్కిన సెట్లు నేను చాలా ఇళ్లల్లో చూశాను. స్టేషను కట్టడం మొదలుపెట్టి మానేసినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు.

నాకు బరంపురంలో కళ్లజోళ్ల షాపు ఉంది. ఇరవై ఏళ్ల పైమాటే. చిన్న స్క్రూడ్రైవర్లు, సన్న ఆకురాళ్లు, కంటికి పెట్టుకునే భూతద్దం రోజూ నా చేతిలో ఉండేవే. రాత్రి షటర్ దించాక ఇంటికొచ్చి, భోజనాలయ్యాక అదే బల్ల మీద పాత దినపత్రిక పరిచి కూర్చుంటాను. పగలంతా ఊడిన స్క్రూలు బిగించిన చెయ్యి, రాత్రి అదే సైజు పని ఇష్టంగా చేస్తుంది. టెన్షన్ ఎక్కడికి పోతుందో తెలీదు.

నేను కడుతున్నది ఆ చిన్న బండి లైనే. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేశారు. వేయించింది పర్లాకిమిడి రాజుగారు. 1931 నాటికి గుణుపూర్ చేరింది. మొత్తం 90 కిలోమీటర్లు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. ఇప్పుడు దేశమంతా ఉన్న బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి మాది అందులో సగం కూడా లేదు. 2004లో చిన్న బండి ఆపేశారు. బ్రాడ్‌గేజి పర్లాకిమిడికి 2010లో, గుణుపూర్‌కి 2011లో వచ్చింది. ఇప్పుడు పూరీ నుంచి గుణుపూర్‌కి నేరుగా బండి ఉంది. అది మా అందరికీ మంచే చేసింది. చిన్న బండి మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు. జబ్బు చేసిన మనిషిని విశాఖ తీసుకెళ్లాల్సిన ఇంట్లో ఎవరూ అలా కోరుకోరు. అయితే 104 ఏళ్లు నడిచిన లైను ఎలా ఉండేదో చెప్పడానికి నాలుగు ఫోటోలు సరిపోవు. ఫోటోలు తీసినవాళ్లందరూ ఇంజిన్నే తీశారు. నీళ్ల కుండని ఎవరూ తియ్యలేదు.

లెక్కల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు. దాని పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్‌లో, అమెరికాలో ఉండే 1435 మిల్లీమీటర్ల లైనుకి సరిపడే కొలత. మన బ్రాడ్‌గేజిని 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు దాకా రావాలి. అంత వెడల్పు పట్టాలు దుకాణంలో దొరకవు. అందుకే మన బ్రాడ్‌గేజి మోడళ్లు చాలావరకు ఇరుకు పట్టాల మీద నిలబడతాయి. పెద్దమనిషి పిల్లవాడి చెప్పులు తొడుక్కున్నట్టుంటుంది. దాన్ని సర్దుకుపోయేవాళ్లని నేను తప్పుపట్టను. కానీ చిన్న బండి లెక్క చూడండి. 762ని 87తో భాగిస్తే 8.76. ఎన్ గేజి అని దొరికే పట్టాలు సరిగ్గా 9 మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరు తేడా కూడా లేదు. ఈ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా లైను కోసమే ఎవరో పట్టాలు చేసి పెట్టినట్టు అనిపించింది.

అదే లెక్కలో 90 కిలోమీటర్ల లైను కిలోమీటరు పైన వస్తుంది. లైను మొత్తం కట్టడం ఎవరి వల్లా కాదు. ఒక స్టేషను ఎంచుకోవాలి. నేను టెంబూరు ఎంచుకున్నాను. చిన్నది, బల్ల మీద పట్టేది, అమ్మతో చాలాసార్లు దిగిన ఊరు.

ఇప్పుడు అసలు విషయం. ఫాలర్ లాంటి జర్మన్ కంపెనీల బొమ్మ ఇళ్ల కిట్లు చాలా అందంగా ఉంటాయి. తలుపు గొళ్లెం కూడా కనిపిస్తుంది. అయితే ఆ పెట్టె విప్పితే వచ్చేది మంచు జారిపోయే ఏటవాలు కప్పు, కిటికీల్లో పూలకుండీలు, చర్చి గంటస్తంభం. మన పెంకుటిల్లు, పిట్టగోడ, అరుగు, బోరింగు ఏ పెట్టెలోనూ రావు. ఇంజిన్ అయితే ఎక్కడో ఒకచోట డబ్బు పెట్టి కొనొచ్చు. టెంబూరుని మాత్రం కొనలేం. దొరకని దాన్ని చేసుకోవాలి, దొరికేదాన్ని ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ముందు స్టేషను అని నేను పట్టుబట్టేది అందుకే.

పుణేలో కొత్రూడ్ దగ్గర జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. 1998 నుంచి జనానికి తెరిచి ఉంచారు. ఒకసారి పెళ్లికి వెళ్లి, మధ్యలో తప్పించుకుని అక్కడికెళ్లాను. పిల్లలందరూ బండ్ల వెంట కళ్లు తిప్పుతున్నారు. నేను దీపాలు, ఇళ్లు, రోడ్డు పక్క మనుషులు చూస్తూ ఒకేచోట నిలబడిపోయాను. బండి అటు వెళ్లాక కూడా అక్కడ చూడ్డానికి ఏదో ఉంది. నాకు కావలసింది అదేనని ఆ రోజు గట్టిగా తెలిసింది.

మొదట చేసింది గంట. అసలు స్టేషన్లో గంట అంటే రెండడుగుల పాత పట్టా ముక్క. 87వ వంతులో ఏడు మిల్లీమీటర్లు. లైను వేయగా మిగిలిన పట్టా ముక్క నుంచి అంత కోసి, కరెంటు తీగలోంచి ఒక్క రాగి పోగు లాగి దాంతో వేలాడదీశాను. నిజం స్టేషన్లో నిజం పట్టాయే గంట, నా స్టేషన్లో నా పట్టాయే గంట. దానికైన ఖర్చు సున్నా. అది వేలాడుతుంటే చూసి మా ఆవిడ "అబ్బ, టంగుమని మోగేలా ఉందండీ" అంది. అడ్డాకుల కట్టలు ఎండిన వేపాకుని కాగితాలకి చిల్లులు పెట్టే పంచ్‌తో గుండ్రంగా కొట్టి, మళ్లీ నాలుగు ముక్కలు చేసి, దారప్పోగుతో కట్టినవి. ప్లాట్‌ఫారం అంచు ఐస్‌క్రీం పుల్లలు. పెంకులు మాత్రం నెల పట్టాయి. అట్ట ముక్కని పెన్సిల్ రీఫిల్ మీద చుట్టి ఒక్కొక్కటీ ఒంచాలి.

అన్నింటికంటే నాకు ఎక్కువ నేర్పింది సిగ్నల్. ఇది లైన్లో ఫలానాచోట ఉండేదని చేసింది కాదు, పాత రకం చెయ్యి సిగ్నల్ అంటే ఇష్టంతో చేశాను. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. కొబ్బరి ఈనె స్తంభం, అట్ట చెయ్యి, గుండుసూది ఇరుసు, కింద లీవరు దాకా గిటారు తీగ. ఎర్ర రంగు వేసి, తెల్ల గీత గీసి, ఆరాక నిలబెట్టాను. నిలబెట్టగానే చెయ్యి తనంతట తనే కిందికి వాలిపోయింది. అంటే లీవరు ఎవరూ ముట్టుకోకుండానే నా సిగ్నల్ బండిని రమ్మంటోంది. రెండు సాయంత్రాలు ఇరుసు బిగించాను, వదులు చేశాను, తీగ మార్చాను. లాభం లేదు.

మూడో రోజు పాత ఫోటో ఒకటి భూతద్దంలో చూస్తే తట్టింది. సిగ్నల్ చేతికి స్తంభం అవతల వైపు అద్దాలు బిగించిన పోత ఇనుము చట్రం ఉంటుంది. అది దీపం కోసమే అనుకునేవాణ్ణి. అది బరువు కూడా. చేతి కంటే ఆ చట్రం బరువుగా ఉంటేనే, తీగ తెగిపోయినా చెయ్యి పైకి లేచి అడ్డంగా నిలబడుతుంది. తీగ తెగితే బండి ఆగాలి గాని, రాకూడదు. తప్పు జరిగితే అది ప్రమాదం లేని వైపే జరగాలని వందేళ్ల కిందట ఎవరో ఆలోచించి అంత ఇనుము అటువైపు పెట్టారు. రావచ్చని చెప్పడానికి చెయ్యి పైకి లేచే రకం తరవాత వచ్చింది. అందులో భూమ్యాకర్షణే ఆ పని చేస్తుంది కాబట్టి అంత బరువు అక్కర్లేదు. నేను సీసం ముక్క ఒకటి, కంది గింజలో సగమంత, అవతల అంటించాను. తీగ వదిలితే టక్కున అడ్డంగా నిలబడింది. పదిసార్లు వదిలి చూశాను. ఈ సంగతి పుస్తకంలో చదివి ఉంటే మర్చిపోయేవాణ్ణి. నా వేళ్లకి తెలిసింది కాబట్టి ఇక మర్చిపోలేను.

అద్దాల కథ కూడా చెప్పాలి, అది నా వృత్తికి దగ్గరది. సిగ్నల్లో పచ్చ అద్దం నిజానికి పచ్చగా ఉండదు, నీలం కలిసి ఉంటుంది. వెనక కిరసనాయిలు దీపం పసుపు వెలుగు కదా, ఆ పసుపు నీలపు అద్దంలోంచి వస్తే దూరానికి పచ్చగా కనిపిస్తుంది. పచ్చ అద్దమే పెడితే ఆ పసుపు వెలుగుకి పాలిపోయి, పసుపో పచ్చో తేలదు. నేను తెల్ల ఎల్‌ఈడీ వెనక పెట్టి నీలం గ్లాసు కాగితం అంటిస్తే నీలంగానే కనిపించింది. అంటే ముందుగా దీపం వెలుగే పసుపు రంగులో ఉండాలి. పర్లాకిమిడిలో కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేసే పనివాళ్లు ఉన్నారు. వాళ్లలో నాకు తెలిసిన ఒకాయన దగ్గరికి వెళ్లి అడిగితే, గేదె కొమ్ము నుంచి గోరంత పలచని పొర గీసి ఇచ్చారు. కొమ్ముని అంత పలచగా తీస్తే వెలుగు దాని గుండా వస్తుంది, తేనె రంగులో. ఎల్‌ఈడీకి ముందు ఆ పొర, దాని ముందు నీలం కాగితం. గదిలో లైటు ఆర్పి చూశాం. పచ్చ. మచ్చలేని పచ్చ. ఆయన డబ్బు పుచ్చుకోలేదు, "బండికే కదా" అన్నారు.

తప్పులు కూడా చేశాను. వాటిలో ఒకటి మా ప్రాంతంవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. పట్టాల కింద పరిచే కంకర రాయి రెండంగుళాలుంటుంది, 87వ వంతులో అర మిల్లీమీటరు పైచిలుకు. అంటే ముతక ఇసుక. గోపాలపూర్ వెళ్లినప్పుడు గుప్పెడు ఇసుక సంచిలో వేసుకొచ్చాను. కడిగి, ఎండబెట్టి, టీ జల్లెడ పట్టి, పట్టాల మధ్య పరిచి, ఫెవికాల్‌లో నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి డ్రాపర్‌తో వేశాను. సబ్బు చుక్క లేకపోతే ఫెవికాల్ నీళ్లు ఇసుకలోకి ఇంకవు, ముత్యాల్లా పైనే నిలబడతాయి. చూడ్డానికి ఎంతో బాగుంది. వారానికి ఇంజిన్ గరగరమంది, పది రోజులకి బిగుసుకుపోయింది. విప్పి చూస్తే మోటారు అయస్కాంతం చుట్టూ నల్లటి నూగు.

మన తీరం ఇసుకలో ఇనుము కలిసిన నల్ల ఖనిజాలుంటాయి. ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ (పాత పేరు ఇండియన్ రేర్ ఎర్త్స్) సంస్థ ఇల్మెనైట్ అనే అలాంటి నల్ల ఖనిజాన్ని తీసేది ఆ ఇసుక నుంచే. చిన్నప్పటి నుంచి వింటున్న సంగతి, నా బల్ల దగ్గర మాత్రం తట్టలేదు. ఇప్పుడు ఏ ఇసుకైనా సరే తెల్ల కాగితం మీద పలచగా పరిచి, పాత స్పీకరు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాని మీద మూడుసార్లు తిప్పుతాను. నల్ల పొడి లేచి సంచికి అతుక్కుంటుంది. సంచి తిరగేసి దులిపేస్తే సరి. మూడోసారి కూడా నలుపు లేస్తుంటే ఆ ఇసుక వాడను. ఇంకో మాట. నౌపడ ఉప్పు మళ్లు కట్టాలనుకునేవాళ్లు ఉప్పుకి ఉప్పు వాడకండి. మన తీరం తేమకి చెమర్చి చుట్టూ ఉన్నదంతా పాడుచేస్తుంది. చలవరాయి పొడి వాడండి.

పేరు బోర్డుల దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఈ లైను ఒక రాష్ట్రంలో బయల్దేరి ఇంకో రాష్ట్రంలోకి వెళ్తుంది. పాతపట్నం బోర్డు మీద పైన తెలుగు, పర్లాకిమిడి బోర్డు మీద పైన ఒడియా. పట్టాలు వేసినప్పుడు ఆ సరిహద్దు గీత లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం, టెక్కలి మద్రాసు వైపు ఉండిపోయాయి. ఆ గీత కంటే పట్టాలే 36 ఏళ్లు పెద్దవి. పర్లాకిమిడికి బండి వచ్చినప్పటికి గిడుగు రామమూర్తి గారు అక్కడ పాఠాలు చెప్పేవారు. ఊరు ఒడిశాలో కలిసిందని నొచ్చుకుని 1936లో రాజమండ్రి వెళ్లిపోయారు. మా ఇంట్లో వాళ్లు ఉండిపోయారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బజారులో రెండూ. నా చేతికి రెండు లిపులూ ఒకేలా వస్తాయి. అందుకే బోర్డుల మీద ఏ అక్షరం అలుక్కుపోయినా నాకు పడదు.

అడుగు ఎత్తు అక్షరం 87వ వంతులో మూడున్నర మిల్లీమీటర్లు. పాతపట్నంలో ట కింద న వత్తు ఉంది కదా, అది మిల్లీమీటరు. ఒడియా అక్షరాలకి నెత్తిన గొడుగులా గుండ్రటి గీత ఉంటుంది, చిన్నదైతే అన్ని గొడుగులూ కలిసి ఒకే గొలుసవుతాయి. మామూలు ప్రింటర్‌తో ఆరుసార్లు తీశాను. ఇంగ్లిష్ ఒక్కటే నిలబడింది, మనవి రెండూ చెరిగాయి. చివరికి ఫోటో స్టూడియోలో మెరిసే కాగితం మీద చిన్నదిగా వేయించాను. వత్తు వచ్చింది, గొడుగులూ విడిపోయాయి. ఆ బోర్డు ఇప్పుడు పెట్టెలో దాచి ఉంచాను, పాతపట్నం కట్టే రోజుకి.

మా బావమరిది ఒకసారి "బావా, ఈ వయసులో బొమ్మ రైలేంటి? ఆ టైం షాపులో పెడితే ఇంకో బ్రాంచి తెరిచేవాడివి" అన్నాడు. మంచి కోరే అన్నాడు. అతనికి చెప్పిందే ఇక్కడా చెప్తాను. ఇంటి గోడకి తాతగారి ఫోటో పెట్టుకుంటే బొమ్మలాట అని ఎవరూ అనరు. ఊరి గుడి రథాన్ని చిన్నదిగా చెక్కి షోకేసులో పెడితే కళ అంటారు. మన నాలుగు తరాల్ని పెళ్లిళ్లకీ చావులకీ మోసిన లైను అంతకంటే తక్కువదేమీ కాదు. పైగా అక్కడ మనుషులు పనిచేశారు. అర్ధరాత్రి వానలో దీపం పట్టుకుని స్తంభం ఎక్కినవాడు, గేటు వేసినవాడు, కుండలో నీళ్లు నింపినామె. ఇంజిన్ పేరు, నంబరు, ఎక్కడ తయారైందీ ఏదో ఒక రికార్డులో దొరుకుతాయి. కుండ ఎవరు నింపేవారో ఏ రికార్డులోనూ ఉండదు. ఆమె బొమ్మని రాగి తీగ, ఎం-సీల్ ముద్దతో చేశాను. 18 మిల్లీమీటర్ల మనిషి. నడుం కొంచెం వంగి ఉంటుంది, చంకలో బిందె బరువుకి.

బావమరిది మొన్న దసరాకి వచ్చినప్పుడు ఆ బొమ్మని భూతద్దంలో చాలాసేపు చూశాడు. వాళ్ల నాన్నమ్మ కూడా ఇలాగే ఒంగి నడిచేదని చెప్పాడు. బ్రాంచి మాట ఎత్తలేదు.

ఇక టెంబూరులో మిగిలింది బోరింగు. ఇంజెక్షన్ సూది గొట్టం, వంచిన గుండుసూది పిడి, కింద చిన్న సిమెంటు గచ్చు. పిడి పైకీ కిందికీ ఆడుతుంది. ఎక్కడ పెట్టాలో తేలడం లేదు. అమ్మని అడిగితే "స్టేషను దిగ్గానే ఎడంపక్కే కదరా, నీకు కాళ్లు కడిగిందక్కడే" అంది. టెక్కలి నుంచి పెద్దమ్మ ఫోన్లో "ఏటి ఎడంపక్క? మీ అమ్మకేటి తెలుసు, గేటు కాడుండేది బోరింగు" అంది. ఇద్దరికీ ఎనభై దాటాయి, ఇద్దరూ ఒకే బండి దిగారు. ఎడమ అన్నది టెక్కలి నుంచి వచ్చి దిగినప్పటి ఎడమా, పర్లాకిమిడి నుంచి వచ్చి దిగినప్పటి ఎడమా అని అడిగాను. అమ్మ ఆలోచించి, రేపు చెప్తానంది. మూడు వారాలైంది. ప్రతి ఆదివారం ఇద్దరూ ఫోన్లో దాని గురించే మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ఎవరెవరో వస్తున్నారు, ఎప్పుడో పోయిన మేనత్తలు, బావిలో పడ్డ చెంబు, వానకి తడిసిన పెళ్లి చీరల మూట. నేను పక్కన కూర్చుని రాసుకుంటున్నాను.

బోరింగు అగ్గిపెట్టెలో, దూది మీద ఉంది. ఇంకా జిగురు పెట్టలేదు.